మోరిస్‌టౌన్ ఫోర్డ్ మాన్షన్: వాషింగ్టన్ గది చూద్దామని వెళ్ళి వంటింటి గడప దగ్గర ఆగిపోయాం

ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల ఉండే మనోళ్ళకి 287 హైవే అంటే బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడికి వెళ్ళే దారి, అంతే. నేను కూడా పదకొండేళ్ళుగా అదే దారిలో తిరుగుతున్నా, ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు దర్శనం, తర్వాత క్యాంటీన్‌లో దోశ, తర్వాత ఇల్లు. గుడి దాటి అదే రోడ్డు మీద ఇంకో ఇరవై మైళ్ళు ఉత్తరానికి వెళ్తే ఒక ఇల్లుందని, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జార్జ్ వాషింగ్టన్ ఆర్నెల్లకి పైగా అందులో ఉండి సైన్యాన్ని నడిపాడని నాకు తెలిసింది మొన్న జనవరిలోనే. అది కూడా మా నాన్న వల్ల.

నాన్న ప్రొద్దుటూరు దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైర్ అయ్యారు. అమ్మా నాన్నా డిసెంబర్‌లో వచ్చారు, చలికి ఇంట్లోంచి కదలట్లేదు, పొద్దస్తమానం హీటర్ పక్కనే. ఒకరోజు నాన్న, "ఏమ్మా, న్యూజెర్సీలో వాషింగ్టన్ సైన్యం మంచులో చిక్కుకుపోయిన ఊరొకటి ఉందంట, మీకు దగ్గరేనా?" అని అడిగారు. మ్యాప్‌లో చూస్తే ముప్పావు గంట. ఇన్నేళ్ళు ఇక్కడే ఉండి తెలుసుకోలేదే అని నిజంగా బాధేసింది. ఆ శనివారమే బయల్దేరాం, దారిలో గుడి, తర్వాత మోరిస్‌టౌన్.

వెళ్ళేవాళ్ళ కోసం ముందే చెప్తున్నా, ఇల్లు నేరుగా తలుపు తోసుకుని వెళ్ళి చూసేది కాదు. ఇంటి వెనక పెద్ద మ్యూజియం బిల్డింగ్ ఉంది, ముందు అక్కడికి వెళ్ళాలి, అక్కడి నుంచి పార్క్ రేంజర్ టైం ప్రకారం గుంపుగా ఇంట్లోకి తీసుకెళ్తారు. రోజులూ టైమింగ్స్ సీజన్‌ని బట్టి మారుతుంటాయి, నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకుని వెళ్ళండి. 287 మీద ఉత్తరం వైపు వెళ్ళేవాళ్ళకి 36ఏ ఎగ్జిట్, దిగితే దాదాపు వచ్చేసినట్టే. కారు లేకపోయినా పర్లేదు, న్యూజెర్సీ ట్రాన్సిట్ రైల్లో మోరిస్‌టౌన్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు.

బయట నుంచి చూస్తే తెల్లగా, రెండంతస్తులు, మధ్యలో తలుపు, అటూ ఇటూ లెక్క పెట్టినట్టు సమానంగా కిటికీలు, తలుపు పైన మేడ మీద మూడు భాగాల పెద్ద కిటికీ, మధ్య భాగం పైన గుండ్రంగా. దూరం నుంచి రాతి ఇల్లు అనుకున్నాం. దగ్గరికెళ్ళి చూస్తే మొత్తం చెక్క. ముందువైపు మాత్రం పలకలు ఒకదాని అంచుకి ఒకటి సందు కనపడకుండా బిగించి, మూలల్లో చెక్కనే రాళ్ళలాగా కోసి పెట్టారు. అమ్మ చెయ్యి పెట్టి తడిమి చూసింది, "రాయి అనుకున్నా కదే" అని. 1774 ప్రాంతంలో కట్టారు దీన్ని. అప్పట్లో ఆ ఊళ్ళో అంతకంటే గొప్ప ఇల్లు లేదు. ఇప్పుడు మాత్రం హైవే పక్కనే కాబట్టి బయట నిలబడితే ట్రక్కుల మోత వినపడుతూనే ఉంటుంది, లోపలికెళ్ళి తలుపు వేశాక తగ్గింది.

కట్టించింది జాకబ్ ఫోర్డ్ జూనియర్. ఆ జిల్లా అంతా ఇనుప గనులు, కొలుములు, వీళ్ళది ఆ వ్యాపారమే. యుద్ధం మొదలవగానే విప్పనీ నది మీద మందుగుండు మిల్లు పెట్టాడు, ఊరి మిలీషియాలో కల్నల్ అయ్యాడు. ఇంత చేసి 1777 జనవరిలో న్యుమోనియాతో పోయాడు, నలభై ఏళ్ళు కూడా నిండలేదు. అదే నెలలో వాళ్ళ నాన్న కూడా పోయాడు. మిగిలింది భార్య థియొడోసియా, నలుగురు పిల్లలు, కట్టి మూడేళ్ళు కూడా కాని పెద్ద ఇల్లు. ఈమె ఆ ఊరి చర్చి పాస్టర్ గారి కూతురు.

నా రివ్యూ ఒక్క ముక్కలో చెప్పాలంటే, బోర్డు మీద వాషింగ్టన్ హెడ్‌క్వార్టర్స్ అని ఉన్నా అది థియొడోసియా ఇల్లు. అలా అనుకుని చూస్తేనే ఇల్లు మొత్తం అర్థమవుతుంది.

1779 డిసెంబర్ 1న వాషింగ్టన్ వచ్చాడు. రావడం అంటే ఆయనొక్కడు కాదు, లెటర్లు రాసే సహాయక ఆఫీసర్లు, పనివాళ్ళు, వంటవాళ్ళు, గుర్రాలు, కాపలా కాసే లైఫ్ గార్డ్ సిపాయిలు రోడ్డుకి అవతల గుడిసెలేసుకుని. నెలాఖరుకి ఆయన భార్య మార్తా కూడా వచ్చింది. అంత ఇంట్లో థియొడోసియాకీ నలుగురు పిల్లలకీ మిగిలింది కింద రెండు గదులు, మిగతాదంతా సైన్యానికి. మనం చుట్టాలొస్తే హాల్లో పరుపులేసుకుని సర్దుకుంటాం, అది నాలుగు రోజుల మాట. ఆమె డిసెంబర్ నుంచి జూన్ దాకా అలాగే ఉంది.

అసలు ఇంత చిన్న ఊరికి సైన్యం ఎందుకొచ్చిందని మా అబ్బాయి అడిగాడు, వాడికి పదేళ్ళు. నాన్న మ్యూజియంలో మ్యాప్ దగ్గరే నిలబెట్టి చెప్పారు. బ్రిటిష్ వాళ్ళు న్యూయార్క్‌లో ఉన్నారు, ఇక్కడికి ముప్పై మైళ్ళు, మధ్యలో వాచంగ్ కొండలు గోడలా అడ్డం, దక్షిణంలో చిత్తడి నేల. అంటే వాళ్ళు కదిలితే వీళ్ళకి తెలుస్తుంది, వీళ్ళ మీదకి రావాలంటే మాత్రం వాళ్ళకి కష్టం. పైగా ఇనుము, మందుగుండు ఇక్కడే. వాడికి అర్థమైంది, నాకూ అప్పుడే అర్థమైంది, రోజూ డ్రైవ్ చేసే ఆ కొండల్ని ఎప్పుడూ అలా చూడలేదు.

తలుపు తీయగానే వెడల్పాటి హాలు, ముందు నుంచి వెనక దాకా సూటిగా. మన పాత మండువా ఇళ్ళలో గాలి ఆడినట్టు ఎండాకాలం ఈ హాల్లో గాలి ఆడేదేమో అనిపించింది. మేం వెళ్ళింది జనవరి, కోటు వేసుకునే లోపల తిరిగాం, అది కూడా మంచిదే, ఎందుకంటే ఈ ఇంటి కథంతా చలే. 1779-80 చలికాలం అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో రికార్డుల్లో ఉన్న ఘోరమైన చలికాలాల్లో ఒకటి. మొత్తం 28 సార్లు మంచు పడిందని లెక్క. న్యూయార్క్ హార్బర్‌లో ఉప్పునీళ్ళు గడ్డకట్టి, దాని మీద బళ్ళు, ఫిరంగులు లాక్కెళ్ళారంట. జనవరి మొదటి వారంలో వచ్చిన తుఫానుకి నాలుగడుగులకు పైనే మంచు, దార్లు మూసుకుపోయి సైన్యానికి తిండి రావడం ఆగిపోయింది.

ఆఫీసు గదిలో బల్ల, కాగితాలు, ఈకల కలాలు పెట్టారు. పిల్లలు తొందరగా బయటికొచ్చేశారు కానీ నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డారు. యుద్ధం హెడ్‌క్వార్టర్స్ అంటే కత్తులూ తుపాకులూ ఉంటాయనుకుంటాం, ఆ చలికాలం ఇక్కడ ఒక్క పెద్ద యుద్ధం కూడా జరగలేదు, జరిగిందంతా ఉత్తరాలే. పిండి పంపండి, మాంసం పంపండి, బూట్లు లేవు, దుప్పట్లు లేవు అని కాంగ్రెస్‌కీ, గవర్నర్లకీ, జిల్లా మేజిస్ట్రేట్లకీ రాస్తూనే ఉన్నారు, ఆ రాసేవాళ్ళలో ఒకడు అలెగ్జాండర్ హామిల్టన్. డబ్బులకి విలువ లేదు, ఆ మార్చిలో కాంగ్రెసే 40 కాగితపు డాలర్లకి ఒక వెండి డాలర్ అని లెక్క కట్టింది. చివరికి జనవరిలో వాషింగ్టన్ న్యూజెర్సీలో ఒక్కో కౌంటీకి ఇన్ని పశువులు, ఇంత ధాన్యం ఇవ్వాలని వాటా వేసి ఆఫీసర్లని పంపాడు, ఇవ్వకపోతే బలవంతంగానైనా తీసుకోమన్నాడు. రైతులు చాలా చోట్ల వాళ్ళంతట వాళ్ళే ఇచ్చారు, ఆ తిండితోనే సైన్యం ఆ నెల గట్టెక్కింది. "కరువులో ధాన్యం కోసం కలెక్టర్ తహసీల్దార్లకి రాసే లెటర్ లాగే ఉందమ్మా ఇదంతా" అన్నారు నాన్న.

ఇంక వంటిల్లు. ఇంటికి తూర్పు పక్కన చిన్న భాగంలో ఉంటుంది, మనిషి వంగి లోపలికి వెళ్ళేంత పెద్ద పొయ్యి, ఇటుకలకి మసి, పైన ఇనుప కొక్కేలకి కుండలు వేలాడదీసి. గది మాత్రం పెద్దది కాదు, మా పది మంది గుంపు గడప దగ్గర నిలబడితేనే ఒకళ్ళ భుజం ఒకళ్ళకి తగుల్తోంది. అక్కడ చెప్పారు వాషింగ్టన్ 1780 జనవరి 22న సైన్యానికి సామాను, బస చూసే జనరల్ గ్రీన్‌కి రాసిన ఉత్తరం సంగతి. డిసెంబర్ ఒకటి నుంచి ఇక్కడున్నాను, వంట చేసుకోడానికి వంటిల్లు లేదు, నా వాళ్ళు పద్దెనిమిది మంది, మిసెస్ ఫోర్డ్ వాళ్ళందరూ కలిసి ఆమె వంటింట్లోనే కిక్కిరిసి ఉన్నారు, జలుబు చేసి ఒక్కళ్ళకీ నోట మాట రావట్లేదు అని రాశాడు.

అప్పటిదాకా అమ్మ మౌనంగా ఉంది. నేను పక్కనుంచి తెలుగులో చెప్తుంటే వింటోంది. ఇది వినగానే లోపలికి తొంగి చూసి, "ఇద్దరు ఆడోళ్ళు ఒక పొయ్యి దగ్గరుంటేనే పొసగదు, అంతమందా? పిల్లలకి ఏ మూల పెట్టిందో అన్నం" అంది. మా జేజి చనిపోయిన ఏడాది మా ఇంట్లో ఇరవై మంది నెల రోజులున్నారు, అమ్మ ఒక్కతే వండింది, ఆ మాట అమ్మ ఎప్పుడూ ఎత్తదు, ఆ రోజు ఎత్తింది. ఆ పొయ్యి పక్కన గోడకి ఒక చోట ఇటుక అంచు నున్నగా అరిగిపోయి ఉంది, ఎన్నాళ్ళ నుంచి ఎవరెవరు చెయ్యి ఆనించారో తెలీదు. అమ్మ దాన్నే చూస్తూ నిలబడింది, గుంపు ముందుకెళ్ళిపోయినా. నాకు ఈ ఇంట్లో గుర్తుండిపోయిన చోటు అదే.

తర్వాత వాషింగ్టన్ గార్డులు ఇంటికి ఒక పక్క వంటకి, ఇంకో పక్క ఆఫీసుకి దుంగలతో రెండు గదులు కట్టారు, అవి ఇప్పుడు లేవు. ఉండి ఉంటే బాగుండేది. ఎందుకంటే ఇల్లు ఇప్పుడు మరీ పొందిగ్గా, ప్రశాంతంగా కనిపిస్తుంది, ఆ ఆర్నెల్లు ఇక్కడ తొక్కిసలాటగా, పొగ, బురద, దగ్గులతో ఉందని మనమే ఊహించుకోవాలి.

ఇంకో విషయం. ఆ పద్దెనిమిది మంది పరివారం అన్నప్పుడు విలియం లీ గుర్తుకు రావాలి. వాషింగ్టన్ వెంట యుద్ధమంతా గుర్రం మీద తిరిగిన మనిషి, ఆయన బట్టలు, కాగితాలు, సామాను చూసుకున్న మనిషి, కానీ వాషింగ్టన్ కొనుక్కున్న బానిస. స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామని రోజూ ఉత్తరాలు రాసే ఇంట్లోనే ఇది. పిల్లల్ని తీసుకెళ్తే దయచేసి ఇది కూడా చెప్పండి, మా అబ్బాయి "ఆయన్ని కూడా ఫ్రీ చేశారా?" అని అడిగాడు. వాషింగ్టన్ వీలునామాలో చేశాడు, 1799లో ఆయన చనిపోయాక. మావాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని "పంతొమ్మిదేళ్ళా" అని ఊరుకున్నాడు.

పైకి మెట్లెక్కితే పడక గదులు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే నెమ్మదిగా ఎక్కించండి. అమ్మ సగం మెట్ల దగ్గర ఒకసారి ఆగింది. వాషింగ్టన్ గదిలో తెరలు కట్టిన మంచం, అంతా పద్ధతిగా ఉంది, అందరూ ఫోటోలు తీసుకునేది ఇక్కడే. శత్రువులొస్తున్నారని అలారం మోగితే గార్డులు ఇంట్లోకి దూసుకొచ్చి, తలుపులు మూసి, కిటికీలన్నీ తెరిచి ఒక్కో కిటికీకి ఐదుగురు తుపాకులు పట్టుకుని నిలబడేవాళ్ళంట, ఆ మంచు గాలికి మార్తా, థియొడోసియా మంచాల తెరలు వేసుకుని దుప్పట్లో ముడుచుకునేవాళ్ళంట. అవి ఉత్తుత్తి అలారాలే అయినా భయం ఉత్తిది కాదు, ఫిబ్రవరిలో బ్రిటిష్ గుర్రపు దళం ఆయన్ని పట్టుకుందామని నిజంగానే బయల్దేరి మంచులో ముందుకు పోలేక వెనక్కి తిరిగింది.

ఈ ఇంట్లోనే ఒక పరదేశీ చనిపోయాడు, ఆయన కథ నన్ను చాలాసేపు వదల్లేదు. డాన్ హువాన్ డి మిరాయెస్ అని, స్పెయిన్ తరఫున మాట్లాడ్డానికి వచ్చిన పెద్దమనిషి. ఏప్రిల్‌లో ఫ్రెంచ్ రాయబారితో కలిసి వాషింగ్టన్‌ని చూడ్డానికి వచ్చి జబ్బు పడ్డాడు, ఏప్రిల్ 28న ఇక్కడే పోయాడు. అంత్యక్రియలకి ఆయనకి బంగారు లేసు కుట్టిన ఎర్ర దుస్తులు, వజ్రాల బకిల్స్, వజ్రాల ఉంగరాలు, వజ్రాలు పొదిగిన బంగారు గడియారం అన్నీ వేసి పెట్టెలో పెట్టారు. పాతిపెట్టాక సమాధికి కాపలా పెట్టాల్సి వచ్చింది, సొంత సిపాయిలే తవ్వుకుపోతారేమో అని. నాలుగు మైళ్ళ అవతల శిబిరంలో ఆకలితో మాడుతున్న సిపాయిల్ని తలుచుకుంటే ఆ కాపలా ఎందుకో అడగక్కర్లేదు.

మా అబ్బాయికి నచ్చిన కథ వేరే. హామిల్టన్ ఆ చలికాలంలోనే ఎలిజబెత్ స్కైలర్‌ని ప్రేమించాడు, ఆమె ఆ ఊళ్ళోనే డాక్టర్ గారింట్లో దిగింది, ఆ ఇల్లు కూడా ఇప్పటికీ ఉంది, స్కైలర్-హామిల్టన్ హౌస్ అని. ఒక రాత్రి ఆమెని చూసొచ్చి ఆ రోజు పాస్‌వర్డ్ మర్చిపోయాడంట, కాపలావాడు తెలిసినవాడే అయినా తుపాకి దించకుండా నిలబెట్టేశాడు. అప్పుడు అటుగా వచ్చిన థియొడోసియా కొడుకు గేబ్రియల్, కుర్రాడు, చెవిలో పాస్‌వర్డ్ ఊది లోపలికి పంపించాడు. ఈ సంగతి గేబ్రియల్ పెద్దయ్యాక చెప్పుకున్నదే. అదే ఏడాది డిసెంబర్‌లో హామిల్టన్, ఎలిజబెత్‌ల పెళ్ళయింది.

బయటికొచ్చాక నాన్న బెంచీ మీద కూర్చుని చెప్పింది మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఈ సైన్యం మొదటిసారి మోరిస్‌టౌన్‌కి వచ్చింది 1777 జనవరిలో, ప్రిన్స్‌టన్‌లో గెలిచి, వెంటపడుతున్న బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్‌కి దొరక్కుండా తప్పించుకుని. ఆ కార్న్‌వాలిసే 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కి లొంగిపోయాడు, 1786లో మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. నిజాంని, మరాఠాలని కలుపుకుని టిప్పు సుల్తాన్ మీదకి వెళ్ళి 1792లో శ్రీరంగపట్నం సంధి చేయించాడు, ఆ సంధిలో మా కడప నిజాం వాటాకి వెళ్ళింది, 1800లో నిజాం దాన్ని కంపెనీకి రాసిచ్చేశాడు, అవే దత్త మండలాలు. ఆయన బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802లో మన ఉత్తర సర్కారు జిల్లాలకీ వచ్చి జమీందార్లని నిలబెట్టింది. "ఇక్కడ ఓడిపోయినోడే అక్కడ గెలిచినాడు" అని నాన్న ఆ తెల్ల ఇంటి వంక చూస్తూ అన్నారు. ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన పేరు, ఆ మనిషిని తప్పించుకుని వచ్చినవాళ్ళ ఊళ్ళో కూర్చున్నారు కదా, గొంతు కొంచెం మారింది.

ఇల్లు చూసి ఇంటికి వెళ్ళిపోతే సగమే చూసినట్టు. జాకీ హాలోకి తప్పకుండా వెళ్ళండి, కారులో కొద్ది దూరమే, అదే పార్క్. సైన్యం ఉన్నది అక్కడ, పదివేల మందికి పైగా. అడవి కొట్టి వెయ్యికి పైగా గుడిసెలు కట్టారు, ఒక్కోటి 14 అడుగులకి 15, 16 అడుగులు, అందులో 12 మంది సిపాయిలు. కొండ మీద ఐదు గుడిసెలు మళ్ళీ కట్టి పెట్టారు, లోపలికి వెళ్ళొచ్చు. చెక్క బంకుల మధ్య నేను, మా ఆయన, పిల్లలు నిలబడితేనే ఇరుకు. మట్టి నేల, దుంగల సందుల్లోంచి గాలి. ఆ గుడిసెలు పూర్తయ్యేలోపే మంచు వచ్చేసి చాలామంది టెంట్లలో, మంచు కింద పూడిపోయి పడుకున్నారు. ఒక సిపాయి తర్వాత రాసుకున్నాడు, నాలుగు రోజులు బిర్చ్ చెట్టు బెరడు తప్ప నోట్లో ఏమీ పెట్టుకోలేదని, కొంతమంది పాత బూట్లు కాల్చుకు తిన్నారని. ఇదే సైన్యం అంతకు రెండేళ్ళ ముందు చలికాలం గడిపిన వ్యాలీ ఫోర్జ్ పేరు అందరికీ తెలుసు, కానీ చలి ఇక్కడే ఎక్కువ. అయినా చావులు ఇక్కడ చాలా తక్కువ, అక్కడ నేర్చుకున్న పాఠాలతో గుడిసెలు వరుసగా, శుభ్రంగా కట్టుకున్నారు, మశూచికి టీకాలు కూడా 1777లో ఈ ఊళ్ళోనే వేయించారు. మేలో మాత్రం ఓర్పు పోయింది, కనెక్టికట్ రెజిమెంట్లు తిండీ జీతం లేవని తిరగబడ్డాయి. అంతకి రెండు వారాల ముందే వాషింగ్టన్ పక్షాన పోరాడుతున్న ఫ్రెంచ్ జనరల్ లఫాయెట్ ఫోర్డ్ మాన్షన్‌కి వచ్చి ఫ్రాన్స్ ఓడలు, ఆరువేల మంది సైనికులు బయల్దేరుతున్నారని చెప్పాడు. ఒకే నెలలో ఇక్కడ ఇంత మంచి కబురు, అక్కడ అంత కడుపుమంట. అందుకే ఈ రెండు చోట్లూ ఒకే రోజు చూడమంటున్నా.

జాకీ హాలోలో విక్ హౌస్ అని ఇంకో చిన్న ఇల్లుంది, జనరల్ సెయింట్ క్లెయిర్ ఉన్నది అందులో. మేం వెళ్ళేసరికి చీకటి పడుతోంది, బయట నుంచే చూసొచ్చాం.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, అందరూ మేలో, అక్టోబర్‌లో వెళ్ళమంటారు, చెట్లు బాగుంటాయి, ట్రెయిల్స్ మీద నడవొచ్చు, నిజమే. నేను మాత్రం చలికాలంలోనే వెళ్ళమంటాను. జనవరిలో ఆ గుడిసె గడప మీద రెండు నిమిషాలు గ్లవ్స్ తీసి నిలబడితే ఏ బోర్డూ చదవక్కర్లేదు. పెద్దవాళ్ళకి మంచి బూట్లు, మఫ్లర్లు, ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళండి, గుడిసెల దగ్గరికి కొంచెం ఎత్తు ఎక్కాలి, మంచు గడ్డకట్టి ఉంటే జారుతుంది. ఇంటికీ మ్యూజియానికీ రెండు గంటలు పెట్టుకోండి, జాకీ హాలోకి ఇంకో రెండు. తిండికి మేం ఊళ్ళో ఒక చోటికి వెళ్ళాం, వెజ్ అని రెండుసార్లు చెప్పినా అమ్మ సూప్‌లో చికెన్ వచ్చింది, అమ్మ ముద్ద ముట్టకుండా లేచింది. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళడం మేలు.

చిన్న లోటు ఏంటంటే ఫర్నిచర్‌లో చాలావరకు ఆ కాలంవే కానీ ఆ ఇంట్లోవే అని అనుకోకండి, ఏది ఫోర్డ్ వాళ్ళదో రేంజర్‌ని అడిగి తెలుసుకోండి, అడిగితే ఓపిగ్గా చెప్తారు. గదులు చాలావరకు గుమ్మం దగ్గర నుంచే చూడాలి. థియొడోసియా గురించి నేనైతే ఇంకా వినాలనుకున్నాను, ఆ రెండు గదుల్లో పిల్లల్ని ఎలా నెట్టుకొచ్చిందో, సైన్యం వెళ్ళిపోయాక ఆ ఇంటిని మళ్ళీ ఇల్లులా ఎలా చేసుకుందో.

ఇల్లు ఇలా మిగలడం కూడా అదృష్టమే. 1873లో వేలానికి వస్తే నలుగురు పెద్దమనుషులు కొని, వాషింగ్టన్ అసోసియేషన్ అని పెట్టి కాపాడారు, 1933లో దేశానికి ఇచ్చేశారు. అమెరికాలో నేషనల్ హిస్టారికల్ పార్క్ అని పేరు పెట్టుకున్న మొదటిది ఇదే. మా ఊళ్ళ దగ్గర ఎన్ని పాత మేడలు, కోట గోడలు రాయి రాయి పీక్కుపోతుంటే చూస్తూ పెరిగామో, నాన్న ఆ వేలం సంగతి బోర్డు మీద చదివి ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. ఆయన ఆ రోజు తీసుకున్న ఫోటో అదొక్కటే.

నా రేటింగ్ ఐదుకి ఐదు. దీని తర్వాత సోమర్‌విల్‌లో వాలెస్ హౌస్‌కి వెళ్దామని నాన్న ఇప్పటికే చెప్పి ఉంచారు, దీనికి ముందు ఏడాది చలికాలం వాషింగ్టన్ అక్కడున్నాడు, ఇల్లు వాడుకున్నందుకు ఓనర్‌కి వెయ్యి డాలర్లు కట్టాడు, అది మన గుడికి ఇంకా దగ్గర. అది చెప్పగానే అమ్మ, "థియొడోసియాకి ఎంత ఇచ్చాడంట?" అని అడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు. ఈసారి వెళ్ళినప్పుడు రేంజర్‌ని అడగాలని అమ్మ నా చేత ఫోన్‌లో రాయించింది.